మామయ్య వదిలివెళ్లిన శాతవాహన నాణేలు: పెట్టె తెరిచిన దగ్గర్నుంచి అప్పగించేదాకా

మా మామయ్య 2024 ఆగస్టులో పోయారు. కార్యక్రమాలన్నీ అయ్యాక అక్టోబరు మొదట్లో అత్తయ్య ఫోన్ చేసి, "ఒరే నాన్నా, మీ మామయ్య బిళ్లల పెట్టె సంగతి నువ్వే చూడాలిరా. పోలీసులొస్తారని ఒకరు, లక్షలు పలుకుతాయని ఒకరు అంటున్నారు. నాకేం పాలుపోవడం లేదు" అంది. నేనూ చాలాకాలంగా నాణేలు సేకరిస్తున్నవాణ్ణే కాబట్టి ఆ పని నా మీదే పడింది. అక్కణ్నుంచి 2025 జులై దాకా ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. ఇంట్లో పెద్దలు వదిలివెళ్లిన పాత నాణేలున్నవాళ్లకి, కొత్తగా ప్రాచీన నాణేలు కొందామనుకునేవాళ్లకి ఇది పనికొస్తుంది.

మామయ్య జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారు. పాత గుంటూరు జిల్లాలోనే సర్వీసంతా. అమరావతి, ధరణికోట, భట్టిప్రోలు, చేబ్రోలు, వడ్డమాను ఉన్న నేల అది. తొలకరి పడి దుక్కి మొదలైతే సీసపు బిళ్లలు పైకి తేలడం అక్కడి రైతులకు కొత్తేం కాదు. బడి పిల్లలు అవి ఏరుకొచ్చి మాస్టారికి ఇచ్చేవాళ్లు. ఆయన ప్రతి బిళ్లకీ ఒక చీటీ రాసి, రెండూ కలిపి మాత్రల సీసాలో వేసి మూత బిగించేవారు.

పెట్టె తెరిచేముందు నేను సమకూర్చుకున్నవి ఇవే: పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, గ్రాములు తూచే చిన్న కాటా, రబ్బరు గ్లౌజులు, మాస్కు. అన్నీ కలిపి రెండు వేల లోపే. గ్లౌజులూ మాస్కూ ఎందుకంటే శాతవాహన నాణేల్లో సీసానివి ఎక్కువ. గాలి ఆడని చెక్క పెట్టెలో ఏళ్ల తరబడి ఉంటే సీసం మీద తెల్లటి పొడి పూస్తుంది. అది ఒంట్లోకి పోతే విషం. అత్తయ్య ఆ పెట్టె పక్కనే పచ్చళ్ల జాడీలు పెట్టుకుంది, ముందు వాటిని వేరే గదిలోకి మార్పించాను. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వలేదు. ఒక్క నాణేన్ని కూడా కడగలేదు. చింతపండు, నిమ్మకాయ పెట్టి తోమితే పైపొర ఊడిపోతుంది, దాంతో పాటే అక్షరాలూ పోతాయి.

నాణేలను రాజుల వారీగా కాకుండా కాగితాల వారీగా విడదీశాను. చీటీ ఉన్నవి ఒక వైపు. దుకాణం రసీదో, వేలంపాట జాబితా పేజీయో ఉన్నవి ఇంకో వైపు. ఏమీ లేనివి మూడో వైపు. పని పూర్తయ్యేసరికి దీపావళి దాటింది.

మొదటి కుప్పలోంచి ఒకటి చెబుతాను. బొటనవేలి గోరంత బూడిదరంగు బిళ్ల. ఒకవైపు తొండం పైకెత్తిన ఏనుగు, దాని వీపు మీదుగా అంచుకి ఆనుకుని పాత బ్రాహ్మీ లిపిలో 'రఞో' ('రాజు యొక్క') అన్న ముక్క. రెండోవైపు ఉజ్జయిని గుర్తు, అంటే అడ్డంగా నిలువుగా గీతలు కలిసి నాలుగు కొసలా నాలుగు వలయాలు. పరీక్ష పేపరు వెనక చించి రాసిన చీటీలో ఇలా ఉంది: "17-7-1993. సుద్దగుంట పక్క చేను. ఎనిమిదో తరగతి కుర్రాడు తెచ్చాడు. మొదటి దుక్కి. దగ్గర్లో ఎర్ర పెంకులు, పెద్ద ఇటుక ముక్కలు ఉన్నాయట." నాణెం మీద రాజు పేరు లేదు. అచ్చు కన్నా బిళ్ల చిన్నది కావడంతో పేరు అంచు బయటే ఉండిపోయింది. మరో సీసాలో అదే చేను చీటీతో ఇంకో బిళ్ల, దాని మీద 'సిరి యఞ సాతక' దాకా ఉంది. రెండూ పక్కపక్కన పెడితే శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి పలికాడు. శాతవాహన నాణేలు చదవడమంటే చాలావరకు ఇదే పని. ఒకచోట దొరికినవి ఒకచోట ఉంటేనే ఒకదాని మీద పోయిన అక్షరం ఇంకోదాని మీద దొరుకుతుంది.

తెలంగాణలోని కోటిలింగాలలో గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజులు ఉండేవారని మనకు తెలిసింది నాణేల వల్లే. వడ్డమాను తవ్వకాల్లో సద రాజుల (పేరు చివర 'సద' అని ఉండే రాజులు) నాణేలు బయటపడ్డాయి. ఆ నాణేలు ఎక్కడివో తెలియకుండా బజారుకెళ్లి ఉంటే ఆ పేర్లను ఏ నేలకు అంటగట్టాలో ఎవరికీ తెలిసేది కాదు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13,250 వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. అందులో తొమ్మిది వేలకు పైగా శక రాజు నహపానుడి నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర తిరిగి కొట్టించినవే. ఆ రాశి చెదరకుండా లెక్కకు వచ్చింది కాబట్టే ఒక రాజు ఇంకో రాజును ఓడించిన సంగతి అంకెలతో సహా చెప్పగలుగుతున్నాం. వీధిలో పదీ ఇరవై చొప్పున అమ్ముడుపోయి ఉంటే మిగిలేవి విడి బిళ్లలే.

రెండో కుప్పలో పెద్దగా ఇబ్బంది లేదు. ఈస్టిండియా కంపెనీ నాణేలు, నిజాం కాలం నాణేలు, లైసెన్సున్న దుకాణాల నుంచి రసీదుతో కొన్న రెండు మూడు వెండి నాణేలు. వాటిలో రెండు నాణేలకు ఒకే చోట ఒకే గాటు, ఏనుగు కాలి దగ్గర ఒకే బుడిపె కనిపించాయి. చేత్తో సుత్తితో కొట్టిన నాణేలు రెండు అచ్చం ఒకేలా ఉండవు. అవి పోతపోసిన నకిలీలని అర్థమైంది. మంచి ధరే పెట్టి కొన్నట్టున్నారు పాపం.

మూడో కుప్ప దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

మందపాటి పాలిథిన్ కవర్లో 64 సీసపు నాణేలు. నల్లమట్టి ఇంకా అంటుకునే ఉంది. మూడూ నాలుగూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. అడుగున అరచేతిలో పట్టేంత కుండపెంకు, లోపలివైపు ఒక నాణెం కరుచుకుని అలాగే ఉండిపోయింది. ఇవి ఒక కుండలో దాచినవనీ, ఈ మధ్యే తీశారనీ చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కవరు మీద బాల్‌పెన్నుతో "పాత కలెక్షన్" అని రాసి ఉంది, మామయ్య చేతిరాత కాదది.

ఈ "పాత కలెక్షన్" అన్న మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. సీజరును చంపిన రోమన్ నాయకుడు బ్రూటస్ ముద్రించిన బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో ముప్పై లక్షల పౌండ్లకు పైగా పలికింది. పాత సేకరణలోదేనని కాగితాలు చూపించారు. ఆ కాగితాలు దొంగవని తేలి, 2023లో నాణేన్ని గ్రీసుకు తిరిగి ఇచ్చారు. అంతటి నాణేనికే కాగితం పుట్టించినప్పుడు పాలిథిన్ కవరు మీద రెండు మాటలు రాయడానికి ఎంతసేపు?

అత్తయ్యను అడిగి మామయ్య ఫోన్ తెరిచాం. 2024 మేలో ఒక నంబరు నుంచి ఫొటోలు వచ్చి ఉన్నాయి. తడిమట్టిలో నాణేలు, ఒక మూల మెటల్ డిటెక్టర్ ప్లేటు అంచు. కింద వాయిస్ మెసేజ్: "మాస్టారూ, ఇంకో కుండ తగిలింది. మీరొద్దంటే వేరే పార్టీకి ఇచ్చేస్తా." మామయ్య జవాబు: "ఎక్కడ దొరికాయో చెప్పు." దానికి బదులు లేదు. రెండ్రోజుల తర్వాత ఆ నంబరుకే పద్దెనిమిది వేలు ఫోన్‌పేలో పంపారు.

అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే మీ మామయ్య దొంగసొమ్ము కొన్నాడంటావా?" అంది. కరిగించేస్తారేమోనన్న భయంతో కొని ఉండొచ్చు, ఊరి పేరు చెప్పించొచ్చనే ఆశతో కొని ఉండొచ్చు అన్నాను. కానీ ఆ డబ్బు చేరినచోట ఇంకో గొయ్యి తవ్వుతారన్నది కూడా నిజం. అది కూడా ఆవిడకు చెప్పాను. దాచి చెబితే తర్వాతి పని ఏదీ సరిగా జరగదనిపించింది. ఆ రాత్రి ఆవిడ అన్నం తినలేదు.

నవంబరు మొదటి వారంలో ఒక లాయరు దగ్గరికి వెళ్లాను. ఫీజు ఐదు వేలు. ఆయన చెప్పిన వాటిలో నలుగురికీ తెలియాల్సినవి చెబుతాను. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఏ నాణెమైనా పురావస్తువే. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. తప్పనిసరిగా రిజిస్టరు చేయించాల్సిన జాబితాలో శిల్పాలు, చిత్రాలు లాంటివి ఉన్నాయి గానీ నాణేలు లేవు. వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి. దేశం దాటించడం మాత్రం మామూలు మనిషికి పూర్తిగా నిషేధం, మూడేళ్ల దాకా జైలు. ఇక భూమిలో దొరికిన నిధి సంగతి 1878 నాటి చట్టం చూస్తుంది. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. "మీరు దొరికించుకున్నవాళ్లు కాదు, కొన్నవాళ్ల తాలూకు మనుషులు. అయినా తెలిసి కూడా చెప్పకుండా ఉంచుకోవడం మంచిది కాదు. కలెక్టరుకీ, పురావస్తు శాఖకీ ఒకేసారి ఉత్తరం పెట్టండి. ఫోన్ మెసేజీలు చెరపొద్దు" అన్నారు.

64 నాణేల్లో విడిగా ఉన్నవాటికి రెండువైపులా ఫొటోలు, బరువుల పట్టిక, కుండపెంకు ఫొటో, చాటింగ్ ప్రింట్లు జతచేసి నవంబరు రెండో వారంలో రిజిస్టర్ పోస్టులో పంపాం. అతుక్కున్న నాణేలను విడదీయలేదు, గుత్తిగానే తూచి గుత్తిగానే రాశాను. అక్నాలెడ్జిమెంట్ కార్డులు వారం దాటాక తిరిగొచ్చాయి. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

ఆ ఎదురుచూపుల్లోనే డిసెంబరు చివర్లో బావ అమెరికా నుంచి వచ్చాడు. నాన్న జ్ఞాపకంగా ఓ నాలుగు బిళ్లలు తీసుకెళతానన్నాడు. కుదరదు బావా అన్నాను. సరే శాతవాహనులవి వద్దు, ఈ జార్జి రాజు రాగి కాణీ తీసుకెళతానన్నాడు. తిప్పి చూస్తే 1919. దానికీ వందేళ్లు దాటాయి, చట్టం కళ్లకు ఏనుగు బిళ్లా ఆ కాణీ ఒకటే. "మా నాన్నవి నేను తీసుకెళ్లకూడదా?" అని బావ గొంతు పెంచాడు. నాకూ కష్టంగానే అనిపించింది. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ ఫలకం దొంగల చేతులు మారి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాకా వెళ్లి 2016లో గానీ తిరిగి రాలేదని చెప్పాను. నాణేనికి ఆపాటి అదృష్టం కూడా ఉండదు. ఫలకానికి ఫొటోలుంటాయి, మ్యూజియం రికార్డులుంటాయి. జేబులో పోయిన బిళ్లను ఎవరు గుర్తుపడతారు? చివరికి బావ చీటీల్లో ఒకదాని ఫొటో ఫ్రేము కట్టించుకుని వెళ్లాడు. నాన్న చేతిరాత కదా.

జనవరి చివరికీ జవాబు రాకపోయేసరికి అక్నాలెడ్జిమెంట్ కార్డు పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్లాను. మా సెక్షన్ కాదన్నారు. పక్క గదిలో ఇంకొకరు, "ఎందుకండీ ఈ తలనొప్పి? మీ దగ్గరున్నట్టు ఎవరికి తెలుసు?" అన్నారు. మంచితనంతోనే అన్నారాయన. కానీ నిజం చెప్పడానికి వెళ్లినవాడికి ఆ మాట చేసే అధైర్యం అంతా ఇంతా కాదు. ఫైలు ఏ టేబుల్ మీద ఉందో తెలిసేసరికి మళ్లీ మళ్లీ తిరగాల్సి వచ్చింది. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకి నా సలహా: నాణేలు వెంట తీసుకెళ్లకండి. ఫొటోల కాపీలు, ఉత్తరం కాపీ చాలు. రసీదు ఇవ్వకుండా ఎవరైనా "ఇక్కడ పెట్టి వెళ్లండి" అంటే పెట్టకండి.

ఫిబ్రవరిలో పురావస్తు శాఖ అధికారి ఒకరు ఫోన్ చేశారు. మార్చి రెండో వారంలో రెవెన్యూ ఉద్యోగితో కలిసి ఇంటికి వచ్చారు. నేను ఊహించుకున్న పోలీసు హడావిడి ఏమీ లేదు. ఇద్దరు సాక్షుల ముందు పంచనామా రాశారు, ఒక్కొక్కటీ నా పట్టికతో సరిచూశారు. కుండపెంకును ఆయన నాణేల కంటే ఎక్కువసేపు చూశారు. అతుక్కున్న గుత్తులను విడదీయనందుకు థాంక్స్ చెప్పారు, ఆ గుత్తుల మధ్యలో గుడ్డ మూట ఆనవాళ్లు ఉండే అవకాశం ఉందట. కవర్లో పెట్టి సీలు వేసి, సంతకాలు చేసిన రసీదు అత్తయ్య చేతికి ఇచ్చారు. ఆవిడ దాన్ని బీరువాలో ఇంటి పత్రాలతో కలిపి పెట్టింది.

ఫోన్‌లోని ఫొటోల వెనక ఉన్న తాడిచెట్ల వరస, నీళ్ల ట్యాంకు చూసి అదెక్కడో మామయ్య పాత విద్యార్థి ఒకతను పోల్చాడు. ఏప్రిల్‌లో అధికారులతో పాటు నేనూ వెళ్లాను. ఊరి పేరు రాయను, రాస్తే రేపు ఇంకో నలుగురు గునపాలు పట్టుకుని వెళతారు. పొలాల మధ్య కొద్దిగా ఎత్తయిన దిబ్బ. దాని మీద నడుము లోతు గోతులు అడ్డదిడ్డంగా. సీసం, వెండి కానిదంతా బయటికి విసిరేశారు: ఎర్రటి, నల్లటి పెంకులు, శంఖు గాజుల ముక్కలు, ఇప్పటి ఇటుకకు రెండింతలున్న ఇటుకలు పగిలి. గోతి గోడలో మట్టి రంగులు పొరలు పొరలుగా కనిపిస్తున్నాయి. కుండ ఏ పొరలో ఉందో తెలిస్తే, ఆ పొరలోని పెంకులతో కలిపి దాని కాలం ఇంచుమించుగా చెప్పేవాళ్లమని అధికారి అన్నారు. ఇప్పుడా పొర ఏదో ఆ తవ్వినవాడికి కూడా గుర్తుండదు. ఆ గోతిలోకి దిగి ఒక పెంకు చేత్తో పట్టుకున్నప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. నేను ఇష్టంగా దాచుకునే వస్తువు కోసమే కదా ఇదంతా చేస్తున్నారు అని.

చేను రైతు ఏమీ దాచలేదు. రాత్రిపూట తవ్వుకుంటామని అడిగితే మూడు వేలు తీసుకుని ఊరుకున్నాడట. "చెబితే పొలం లాగేసుకుంటారని భయపడ్డానండీ" అన్నాడు. చట్టం ప్రకారం, సొంతదారు ఎవరూ తేలని నిధిలో నాలుగింట మూడు వంతులు దొరికినవాడికి, ఒక వంతు భూమి యజమానికి రావాలి. ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే లోహం విలువ, దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి. బంగారం కుండ అయితే అది పెద్ద మొత్తమే. సీసపు నాణేలకు లోహం విలువంటే పాత ఇనుప సామాన్ల కొట్టులో కిలోకి వచ్చే లెక్క! దళారీ బిళ్లకు వందలిస్తున్నప్పుడు చట్టం కిలోల్లో తూస్తే రైతు ఎటు మొగ్గుతాడు? దోపిడీ ఆగాలంటే ముందు మారాల్సింది ఈ లెక్కేనని నా గట్టి అభిప్రాయం.

చీటీలున్న మొదటి కుప్పను మేలో ఒక విశ్వవిద్యాలయం చరిత్ర విభాగానికి ఇచ్చాం. పురావస్తు శాఖకు ముందే జాబితా పంపి, వాళ్లకు తెలిసేలాగే ఇచ్చాం. అక్కడి ప్రొఫెసరుగారు నాణేల సీసాలు పక్కనపెట్టి ముందు చీటీలే అడిగారు. ముప్పై ఏళ్ల చీటీలను ఊళ్ల వారీగా మ్యాపు మీద పెడుతున్నారు. ఇప్పటికే రెండు చోట్ల, ఎవరూ పురాతన స్థలంగా గుర్తించని చేలల్లో, చుక్కలు గుంపుగా పడ్డాయి. ఇది విని అత్తయ్య మొదటిసారి నవ్వింది. రసీదులున్న రెండో కుప్ప ఆవిడ దగ్గరే ఉంది. నకిలీలను మాత్రం 'నకిలీ' అని రాసి వేరే సీసాలో పెట్టాను, రేపెవరైనా అసలనుకుని అమ్మకుండా.

నేను కొనడం మానలేదు. లైసెన్సు నంబరు, రసీదు, అంతకుముందు ఎవరి దగ్గర ఎప్పటి నుంచి ఉందో ఫొటోతో సహా ఉంటేనే కొంటున్నాను. "గుంటూరు ఏరియా ఫ్రెష్ లాట్" అని ఎవరైనా పెడితే ధర కూడా అడగడం లేదు. దీనివల్ల నా సేకరణ పెరగడం బాగా తగ్గింది. ఫర్వాలేదు.

మొత్తం ఖర్చు లాయరు ఫీజు, ఫొటో ప్రింట్లు, పోస్టు, ప్రయాణాలు కలిపి పదిహేను వేలు దాటింది. మామయ్య కట్టిన పద్దెనిమిది వేలు తిరిగి రావు, మేము అడగనూ లేదు. 64 నాణేల విషయంలో కలెక్టరు ప్రకటన 2025 జులై నాటికి ఇంకా వెలువడలేదు. అది వెలువడ్డాక హక్కుదారుల విచారణకు నాలుగు నెలల నుంచి ఆరు నెలల గడువు ఉంటుంది, అంటే అంత త్వరగా తేలదు. జూన్‌లో ఆ దళారీ మామయ్య నంబరుకే మళ్లీ ఫోన్ చేశాడు, ఆయన పోయిన సంగతి తెలియదు. అత్తయ్యే ఎత్తింది. "మాస్టారు లేరు నాయనా. నీ దగ్గరున్నవి ఎక్కడ తవ్వావో చెప్పు, రాసుకుంటాను" అందట. వాడు ఫోన్ పెట్టేశాడు. ఆ కాల్ తేదీ, టైము ఆవిడే కాగితం మీద రాసి నాకిచ్చింది. మర్నాడే దాన్ని అధికారికి పంపించాను.